టెస్ట్ బటన్‌కి పడే ఫ్లాష్ ఫోటోకి ఎందుకు పడదు?

తక్కువ ధర ఫ్లాష్ కొన్నవాళ్ల దగ్గర ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. టెస్ట్ బటన్‌కి వెలుగుతోందంటే బ్యాటరీలు, ట్యూబ్ బాగున్నట్టే. చిక్కంతా కెమెరాకీ ఫ్లాష్‌కీ మధ్యే ఉంది.

పీస్ పాడైందని వాపసు పంపేముందు దయచేసి రెండు విషయాలు చూడండి. ఫ్లాష్ అడుగుభాగం హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ బిగించే గాడిలో) చివరిదాకా వెళ్లిందా? లాక్ బిగించకపోతే ఒక ఫోటోకి పడుతుంది, ఇంకోదానికి పడదు. కెమెరాలో సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందా? చాలా కెమెరాలు ఆ మోడ్‌లో ఫ్లాష్‌ని పడనివ్వవు. ఎక్కువమంది దాటేసేది ఈ రెండే.

రెండూ సరిగ్గానే ఉన్నా పడటం లేదు

ఫ్లాష్ తీసి హాట్ షూని వెలుతురులో చూడండి. మధ్యలో చిన్న చుక్కలకంటే పెద్దగా, గుండ్రంగా ఒక లోహపు కాంటాక్ట్ ఉండాలి. షట్టర్ తెరుచుకోగానే 'ఇప్పుడు వెలుగు' అనే సంకేతం దాని గుండానే వెళ్తుంది. కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 మోడళ్లలో ఆ కాంటాక్ట్ లేదు. యోంగ్‌నువో వైఎన్560, గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ (పవర్ మనమే పెట్టుకోవాల్సిన) ఫ్లాష్‌లకి కింద ఉండేది ఆ ఒక్క పిన్నే. కాబట్టి షూలో ఎంత గట్టిగా బిగించినా పడవు. సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. ఫ్లాష్‌దీ తప్పు కాదు, మీదీ కాదు.

ఇంకా కొనకపోతే, ఈ కెమెరాలకి కెనాన్ టీటీఎల్‌ని (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే నిర్ణయించే పద్ధతి) సపోర్ట్ చేసే ఫ్లాష్ తీసుకోండి. అది చిన్న కాంటాక్టుల ద్వారా మాట్లాడుతుంది. అయినా మీ మోడల్ పేరు ఫ్లాష్ కంపాటిబిలిటీ లిస్టులో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. మాన్యువల్‌ది కొనేసి ఉంటే పారేయకండి. దాన్ని షూలో పెట్టకుండా పక్కన ఉంచి, ఎస్2 మోడ్‌లో పెట్టి, కెమెరా సొంత ఫ్లాష్ పైకి లేపండి. ఆ వెలుగు చూసి ఇది కూడా పడుతుంది. ఎస్1 పెడితే, వెలుగు కొలవడానికి కెమెరా ఫోటోకి ముందే ఇచ్చే టీటీఎల్ ముందస్తు మెరుపుకే పడిపోయి, అసలు ఫోటోకి అందదు. ఫ్లాష్ ముందున్న సెన్సర్ కెమెరా వైపు తిరిగి ఉండాలి. గదిలో బాగా పనిచేస్తుంది, ఎండలో నమ్మలేం.

పడుతుంది కానీ ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ

షట్టర్ స్పీడ్ సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్) దాటింది. సాధారణంగా అది 1/200 లేదా 1/250 దగ్గర ఉంటుంది. 1/160కి దించండి.

పడుతుంది కానీ ఫోటో చీకటిగా వస్తోంది

పవర్ 1/128లో, అంటే అతి తక్కువలో, ఉండిపోయిందేమో చూడండి. మాన్యువల్ ఫ్లాష్ తనంతట తాను పెంచుకోదు. వెలుగుని ఎత్తైన సీలింగ్‌కి కొట్టించి బౌన్స్ చేస్తుంటే ఐఎస్ఓ కూడా పెంచాలి.

కాంటాక్టులకి మురికి పట్టడం అరుదు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఫిల్మ్ కాలం నాటి పాత ఫ్లాష్‌ని మాత్రం వోల్టేజ్ తెలియకుండా డిజిటల్ కెమెరాకి తగిలించకండి. కొన్నిటిలో ట్రిగ్గర్ వోల్టేజ్ (ఫ్లాష్ కాంటాక్ట్ నుంచి కెమెరాకి తగిలే వోల్టేజ్) 200 వోల్టులు దాటుతుంది.