ఏడాది డబ్బు కట్టేముందు ఇంటర్నెట్ టీవీ సర్వీసును ఎలా పరీక్షించాలి?

ఇంటర్నెట్ టీవీకి అసలు పరీక్ష రాత్రి 9 గంటలకు, అదీ క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున. అమ్మేవాళ్లు డెమో చూపించేది మాత్రం పగలు, సర్వర్ మీద బరువు లేని వేళ. ‘ఏడాదికి కడితే సగం ధరే’ అన్నా తొందరపడకండి. ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న ప్లాన్ తీసుకుని ఈ పనులు చేయండి.

1. డబ్బు ఎవరి ఖాతాకు పోతోందో చూడండి

యూపీఐ కోడ్ స్కాన్ చేయగానే తెర మీద పేరు వస్తుంది. అక్కడ కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనబడితే కట్టకండి. రేపు సర్వీసు ఆగితే అడగడానికి దిక్కుండదు. బిల్లు అడగండి, అందులో 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఆ నంబరు కొడితే వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందో రద్దయిందో తెలుస్తాయి. రెండు నిమిషాల పని.

రెండు వేలకే అన్ని చానెళ్లూ, పైగా ‘లైఫ్‌టైమ్’ అంటూ టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో అమ్మేవాటికి ఈ పరీక్ష కూడా దండగే. పే చానెల్ హక్కుల కోసం నెలనెలా డబ్బు చెల్లించాలి. ఒక్కసారి తీసుకున్న రెండు వేలతో జీవితాంతం ఎలా చెల్లిస్తారు? చెల్లించరు. హక్కుల్లేని ప్రసారం కాబట్టే లింకులు మాటిమాటికీ మారుతుంటాయి. వాళ్ల లెక్కలో లైఫ్‌టైమ్ అంటే ఆ సర్వర్ బతికున్నన్నాళ్లు.

2. ముందు మీ నెట్ సంగతి తేల్చండి

స్పీడ్ టెస్ట్ ఫోన్‌లో కాదు, టీవీలోనే చేయండి. ఉదయం 7కు ఒకసారి, రాత్రి 9కి ఒకసారి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 1080పీ బొమ్మకు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 కావాలి. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు కూడా నడుస్తుంటాయి కనుక దానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. రౌటర్‌కూ టీవీకీ మధ్య రెండు గోడలుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై నీరసిస్తుంది, ల్యాన్ కేబుల్ లాగడమే మేలు. 4కే గంటకు 7 జీబీ దాకా లాగుతుంది. రోజుకు 5 గంటలు చూస్తే నెలకు వెయ్యి జీబీ దాటుతుంది, ప్లాన్‌లో ఎఫ్‌యూపీ (అది దాటితే స్పీడు తగ్గించే డేటా పరిమితి) ఎంతో చూసుకోండి.

3. బొమ్మ ఆగినప్పుడు తప్పెవరిదో పట్టుకోండి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. తెర మీద గుండ్రం తిరుగుతూ బొమ్మ ఆగిపోగానే అదే టీవీలో యూట్యూబ్ తెరిచి, ఒక వీడియోను 1080పీలో పెట్టి, సెట్టింగ్స్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ ఆన్ చేయండి. అందులో ‘బఫర్ హెల్త్’ (ముందే దించి పెట్టుకున్న వీడియో ఎన్ని సెకన్లో చెప్పే అంకె) 20 సెకన్ల పైన నిలకడగా ఉంటే మీ నెట్ బాగానే ఉన్నట్టు, తప్పు సర్వీసుదే. యూట్యూబ్ కూడా తడబడితే కేబుల్ పెట్టి చూడండి. కేబుల్‌తో సర్దుకుంటే వైఫైది తప్పు. కేబుల్‌తోనూ ఆగుతూ, ఉదయం మాత్రం బాగుంటే మీ ఇంటర్నెట్ కంపెనీని అడగాలి.

ఒక్క చానెలే ఆగుతోందా, అన్నీనా అన్నది కూడా రాసుకోండి. ఒక్కటే అయితే ఆ చానెల్ ఫీడ్‌లో లోపం, అన్నీ అయితే సర్వర్ చాలడం లేదు. ఇంకో గుర్తు: పద్ధతిగా నడిచే సర్వీసులో నెట్ తగ్గితే బొమ్మ ముందు మసకబారుతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఎందుకంటే ఒకే ప్రసారాన్ని నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. చవక సర్వీసులు చాలావరకు ఒకటే ఉంచుతాయి, అందుకే మసకబారకుండా నేరుగా గడ్డకడుతుంది.

పక్కింటివాళ్లు వికెట్ పడిందని అరిచిన అరనిమిషానికి మీకు బంతి పడటం మాత్రం లోపం కాదు. స్ట్రీమింగ్‌లో ఆ ఆలస్యం మామూలే.

4. బాక్సు కొనేముందు

విదేశాల్లోని తెలుగు ఇళ్లలో ఇది మరీ ఎక్కువ: చానెళ్లన్నీ ముందే నింపిన పేరులేని ఆండ్రాయిడ్ బాక్సు. 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ సంస్థ బయటపెట్టిన ‘వాయిడ్’ మాల్వేర్ ఇలాంటి బాక్సులు సుమారు 13 లక్షలకు సోకింది. 2025 జూన్‌లో అలాంటిదే ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ గురించి అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. మీ బాక్సు మీకు తెలియకుండా పరాయివాళ్ల నేరాలకు దారి అవుతుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ (గూగుల్ ఆమోదం) చూడండి. సర్టిఫై కాలేదని ఉంటే వాపసు ఇచ్చేయండి. అలాంటి బాక్సుల్లో వైడ్‌వైన్ ఎల్1 (వీడియో కాపీ కాకుండా కాపాడే గూగుల్ తాళంలో పై స్థాయి) కూడా చాలాసార్లు ఉండదు, అంటే 4కేకు డబ్బు కట్టినా నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు మసక బొమ్మే ఇస్తాయి.

5. వదిలించుకునే దారి ముందే చూసుకోండి

డబ్బు కట్టిన రోజే ‘క్యాన్సిల్’ బటన్ ఎక్కడుందో వెతకండి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగానికి వెళ్లి మ్యాండేట్ (డబ్బు దానంతటదే కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రద్దు చేయాలి. డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన, దాన్ని చదవకుండా తుడిచేయకండి. సులువుగా చేర్చుకుని, రద్దు దగ్గర తిప్పలు పెట్టడం 2023 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బోల్తా కొట్టించే ఆన్‌లైన్ ఎత్తులు) మార్గదర్శకాల ప్రకారం ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కిందికి వస్తుంది. అలా జరిగితే బిల్లు, స్క్రీన్‌షాట్లు, ఆగిన వేళలు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకుని నంబరే ఎత్తకపోతే అది మోసం, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.