ట్రయల్ నివేదికకు పునాది ప్రోటోకాల్‌లోనే పడాలి

ఆరోగ్య, సామాజిక సంరక్షణ రంగాల్లో ట్రయల్ (ఒక చికిత్స లేదా సేవ పనిచేస్తుందో లేదో బృందాలను పోల్చి చూసే పరీక్ష) చేపట్టేవారు నివేదికను చివరి పనిగా చూడకూడదు. నివేదికలో బయటపడే లోపాల్లో చాలావరకు, మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే తేల్చుకోవలసిన విషయాలను తేల్చుకోకపోవడం వల్ల వచ్చినవే.

ముందుగా ప్రధాన ఫలితాన్ని ఖరారు చేయండి. ‘జీవన నాణ్యత మెరుగుదల’ అని రాస్తే చాలదు. ఏ ప్రశ్నావళితో, ఎన్నో వారంలో, ఎవరు కొలుస్తారో, సగటులను పోలుస్తారో, ఒక హద్దు దాటినవారిని లెక్కిస్తారో ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్‌కు ముందే రాసుకునే ప్రణాళికలో ఉండాలి. ఇవి రాయకపోతే, డేటా చేతికొచ్చాక అనుకూలంగా కనిపించిన కొలతనే ప్రధానమైనదిగా చూపే వీలుంటుంది. ఫలితాల ఎంపికలో సేవలు పొందేవారిని, వారిని చూసుకునే కుటుంబసభ్యులను మొదటి నుంచే భాగస్వాములను చేయాలి. అనేక వ్యాధులకు తప్పక కొలవవలసిన ఫలితాల జాబితాలు, వాటిని ఒకచోట చేర్చే కామెట్ (COMET) డేటాబేస్‌లో దొరుకుతాయి.

ప్రోటోకాల్‌లో ఏమేం ఉండాలో చెప్పే స్పిరిట్ (SPIRIT) 2025 మార్గదర్శకాలను అనుసరించి, చేరికలు మొదలుకాకముందే ట్రయల్‌ను రిజిస్ట్రీలో, అంటే ట్రయల్ వివరాలను అందరికీ కనిపించేలా ఉంచే జాబితాలో నమోదు చేయండి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2005 నుంచి ఈ ముందస్తు నమోదును ప్రచురణకు షరతుగా పెట్టింది.

ర్యాండమైజేషన్ (ఎవరు ఏ బృందంలోకి వెళ్లాలో యాదృచ్ఛికంగా నిర్ణయించడం) జరిగిందని చెప్పినంత మాత్రాన సరిపోదు. తర్వాతి వ్యక్తి ఏ బృందంలోకి వెళ్తారో చేర్చుకునేవారికి ముందుగా తెలియకూడదు. బృందం పేరు రాసి మూసిన కవరును దీపానికి ఎదురుగా పట్టుకుంటే లోపలి అక్షరాలు కనిపిస్తున్నాయనుకోండి; బాగా నీరసించిన వ్యక్తి వచ్చినప్పుడు, ఆ కవరును పక్కనపెట్టి మరొకటి తీయాలనిపించడం సానుభూతితోనే కావచ్చు, కానీ పోలిక అక్కడితో చెడిపోతుంది. అందుకే వ్యక్తిని నమోదు చేశాకే కేటాయింపును వెల్లడించే కేంద్రీకృత వ్యవస్థను వాడడం మేలు. ఇంటికి వచ్చి సాయం చేసే సేవలో ఎవరికి ఏది అందుతుందో దాచడం కుదరకపోవచ్చు. అయినా కేటాయింపు గోప్యతను పాటించవచ్చు. ఫలితాన్ని కొలిచేవారికి బృందం తెలియకుండా కూడా చాలాసార్లు చూడవచ్చు.

నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది, ట్రయల్‌లో పరీక్షించిన సేవ వర్ణన. ‘ఇంటి వద్ద సలహా ఇచ్చారు’ అన్న ఒక్క వాక్యం చదివి మరొకచోట ఆ సేవను ఎవరూ అమలు చేయలేరు. ఎవరు ఇచ్చారు, ఏ శిక్షణతో, ఎన్ని సందర్శనల్లో, ఒక్కోసారి ఎంతసేపు, వ్యక్తిని బట్టి ఏం మార్చారు, అనుకున్నదాంట్లో నిజంగా ఎంత అందింది అన్నవన్నీ రాయాలి. ఇందుకు 2014లో వచ్చిన టైడియర్ (TIDieR) జాబితాలో 12 అంశాలున్నాయి. పోలిక బృందానికి అందిన ‘సాధారణ సేవ’ ప్రతిచోటా ఒకటి కాదు కాబట్టి దాన్నీ అంతే వివరంగా చెప్పాలి.

నివేదికకు, అందులో ఏమేం ఉండాలో చెప్పే కన్సార్ట్ (CONSORT) 2025 మార్గదర్శకాలను, సామాజిక, మానసిక సేవల ట్రయల్స్‌కైతే 2018 నాటి దాని విస్తరణను కూడా దగ్గర పెట్టుకోండి. ఎంతమంది చేరారు, ఎందరు ఏ దశలో, ఎందుకు తప్పుకున్నారు అన్నది ప్రవాహ చిత్రంలో చూపి, ప్రతి వ్యక్తినీ కేటాయించిన బృందంలోనే లెక్కించండి. విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల విలువల పరిధి) విశాలంగా ఉన్నప్పుడు ‘తేడా లేదు’ అని రాయకండి. ‘తేల్చలేకపోయాం’ అన్నదే సరైన మాట. దుష్ప్రభావాలు లేవనడానికి ముందు, వాటిని ఎలా సేకరించారో చెప్పండి. ప్రోటోకాల్‌ను మార్చి ఉంటే ఎప్పుడు, ఎందుకు, ఫలితాలు చూడకముందా, చూశాకా అన్నది దాచకండి.

అనుకున్న ఫలితం రాకపోయినా, ప్రధాన ఫలితం కొలత అందరిలో పూర్తయిన 12 నెలల్లోపు సారాంశాన్ని రిజిస్ట్రీలో ఉంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 ఉమ్మడి ప్రకటన కోరినది ఇదే. పాల్గొన్నవారికి కూడా సులభమైన భాషలో ఒక పేజీ సారాంశం పంపాలి. దానికయ్యే సమయాన్ని, ఖర్చును ప్రోటోకాల్‌లోనే కేటాయించండి.