కొండవాలు ఇంటి వెనక గోడకు నీటిదారి ఎలా పెట్టాలి?

విశాఖలోనో విజయవాడలోనో కొండను తొలిచి ఇల్లు కట్టేవాళ్ళు వెనక బలమైన గోడ లేపడం మరిచిపోరు. ఆ గోడ వెనక చేరే నీళ్ళ సంగతే ఎవరికీ పట్టదు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయాక కూడా, ఇప్పటికీ చిల్లు లేని గోడలే లేస్తున్నాయి.

వానకు మట్టి సబ్బులా జారుతుందనుకుంటే పొరపాటు. పైమట్టిలో ఇంకిన వాన, కింద గట్టి రాయి తగలగానే దాని మీదుగా వాలువెంట పల్లానికి నడుస్తుంది. గోడ అడ్డుపడితే అక్కడే నిలిచి మట్టం పెరుగుతుంది. మట్టి రేణువుల సందుల్లో నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ వాటి మధ్య రాపిడి తగ్గి పట్టు సడలుతుంది, చరియ కదులుతుంది. ఈ నీరు నిదానంగా నడుస్తుంది కాబట్టి వాన ఆగిన మర్నాడు కూడా గోడ పడొచ్చు.

గోడ వెనక 3 మీటర్ల ఎత్తున నీళ్ళు నిలిస్తే, మీటరు పొడవు గోడ మీద నీటి తోపుడే దాదాపు నాలుగున్నర టన్నులు. మట్టి తోపుడు దానికి అదనం. "ఇంకో అరడుగు మందం వేద్దాం సార్" అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. ఆ డబ్బు, వెనక చేరే నీళ్ళను గోడలోంచి బయటికి పోయే పైపుల దాకా చేర్చే కంకరకు పెట్టండి. గోడ 3 మీటర్లు దాటితే మాత్రం ఇంజినీరు డిజైన్ లేకుండా ముట్టుకోవద్దు.

పని జనవరి నుంచి మే లోపే. కొండ పాదాన్ని ఒకేసారి పొడుగునా తవ్వకూడదు. రెండు మూడు మీటర్ల ముక్క తవ్వి కట్టాక, మధ్యలో వదిలిన ముక్కకు రావాలి.

సామాను: 75 లేదా 110 మి.మీ. పీవీసీ పైపు, ముతక ఇసుక, 10 మి.మీ. చిప్స్ (సన్న రాతిముక్కలు), 40 మి.మీ. కంకర, తుప్పు పట్టని జాలీ. క్రషర్ డస్ట్ వద్దు, గ్రావెల్ మట్టి అసలే వద్దు.

పైపుల వరస ముందువైపు నేలకు 15 సెం.మీ. పైన మొదలవ్వాలి. అడ్డంగా, నిలువుగా మీటరుకొకటి, పై వరస కింది వరస సందుల్లోకి వచ్చేలా. వాలు బయటికి 20కి 1. అంటే 45 సెం.మీ. మందం గోడలో రెండు సెంటీమీటర్ల పైచిలుకు. కట్టేటప్పుడు రెండు మూతులకూ సిమెంటు బస్తా గుడ్డ కుక్కి, తర్వాత తీసేయాలి. వెనక మూతికి జాలీ కట్టండి.

ఇక పని చెడేదంతా గోడ వెనక నింపుడు దగ్గరే. లారీ కంకర ఎత్తి పోసేసి అయిపోయిందంటారు. కొండమట్టి నేరుగా పెద్ద కంకరకు తగిలితే నీళ్ళతోపాటు సన్నమట్టీ సందుల్లోకి కొట్టుకుపోతుంది. కొన్నాళ్ళకు కంకర పూడుకుపోతుంది, లేదా గోడ వెనక కొండలో బోలు పడుతుంది. రెండోది కంటికి కనబడదు, అందుకే ప్రమాదం. మట్టివైపు నుంచి 15 సెం.మీ. ఇసుక, 15 సెం.మీ. చిప్స్, గోడకు ఆనించి 30 సెం.మీ. కంకర: ఇదే వరస. పల్చటి గుడ్డ చుట్టి సరిపెట్టేవాళ్ళున్నారు. బంకమట్టి కొండకు ఆ గుడ్డ పూడుకుపోతుంది, వద్దు.

ఏ ఇసుకైనా సరిపోదు. జల్లెడ పరీక్ష చేయిస్తే లెక్క ఇది: ఇసుకలో 15 శాతం ఏ సైజుకు లోపలుందో ఆ కొలత, కొండమట్టిలో 85 శాతం ఏ సైజుకు లోపలుందో దానికి నాలుగు రెట్లు దాటకూడదు. ల్యాబు అందుబాటులో లేకపోతే పాత బకెట్ అడుగున చిల్లులు పెట్టి కంకర, చిప్స్, ఇసుక పరిచి నీళ్ళు పోయండి. ఇసుక మీదే నిలబడితే అందులో ఒండ్రు ఉన్నట్టు, కడగాలి. ఆ పైన మీ కొండమట్టి వేసి మళ్ళీ పోయండి. మొదటి చెంబు బురదగా వచ్చి తర్వాత తేటపడాలి. ఎంతకీ తేటపడకపోతే ఇసుక మరీ ముతక.

పొరల మధ్య రేకులు నిలబెట్టి మూడు పొరలూ అడుగు ఎత్తు నింపి, రేకులు పైకి లాగి మళ్ళీ నింపండి. పైనుంచి గుమ్మరిస్తే పెద్దరాళ్ళు ఒకచోట, సన్నవి ఒకచోట చేరి పొరలు కలిసిపోతాయి. కూలీలు విసుక్కుంటారు, పట్టించుకోకండి. అడుగున మొదటి వరస పైపుల మట్టానికి సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు వేయకపోతే నీళ్ళు పునాదిలోకి దిగుతాయి.

పై అరమీటరు బంకమట్టి కొట్టి మూసి, దాని ఎగువన సిమెంటు కాలవ తీయండి. ఎగువ ఇంటి ఇంకుడు గుంత, కారే నీళ్ళ ట్యాంకు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. అవి ఎండాకాలంలోనూ కొండకు నీళ్ళు పడుతూనే ఉంటాయి.

మొదటి పెద్ద వానకు పైపుల్లోంచి తేటనీళ్ళు కారాలి. గోడ చెమ్మగా ఉండి పైపు ఎండిపోయి ఉంటే పూడుకుపోయినట్టు, ఊచ పెట్టి పొడవండి. కారే నీళ్ళు ఉన్నట్టుండి బురదగా మారినా, ఆగిపోయినా, ఎగువన నేల పగిలినా గోడ దగ్గరికి పోవద్దు. ఇంట్లోవాళ్ళతో బయటికి వచ్చేయండి, కింది ఇళ్ళవాళ్ళనూ లేపండి.