ముహూర్తం వేళ తెలిశాకే పూలూ, చీరా, లైట్లూ

పెళ్లి అలంకరణ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు కూర్చోకముందే ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. "అచ్చం ఇట్లాగే కావాలి మేడం" అంటారు. ఆ ఫొటో ఏ కొండప్రాంతపు రిసార్టులోనో సాయంత్రం పూట తీసిందై ఉంటుంది. మన పెళ్లేమో అనంతపురంలో, వైశాఖంలో, పగలు పదకొండింటికి. అందుకే ఆ ఫొటో పక్కన పెట్టించి ముందు ముహూర్తం ఎన్ని గంటలకో అడుగుతాను. పూలు, చీర రంగు, లైట్లు, ఆఖరికి భోజనాలు కూడా ఆ వేళను బట్టే తేలుతాయి. దాని వెంట నడిస్తే అనవసరమైన ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

వెలుతురు

పగటి ముహూర్తమైతే ముందు తలెత్తి పైకి చూడండి. షామియానా గుడ్డ ఏ రంగుదైతే దాని కింద కూర్చున్నవాళ్లందరికీ ఆ రంగే. ఎర్ర గుడ్డ కింద పసుపు చీర నారింజ రంగులోకి తిరుగుతుంది, పెళ్లికూతురి ముఖం ఎండకు కందిపోయినట్టు కనిపిస్తుంది. పైన తెల్లది గానీ, మీగడ రంగుది గానీ వేయించండి. రంగులు కావాలంటే స్తంభాలకు, పక్కలకు వాడుకోవచ్చు. కప్పు ఎత్తుగా ఉండాలి, అంచుల దగ్గర వేడిగాలి బయటికి పోయే సందు వదలాలి. ఈ సంగతి టెంట్ అతనికి అడ్వాన్సు ఇచ్చే రోజే చెప్పండి. కట్టేశాక అడిగితే "ఇప్పుడేం చేయలేం" అనేస్తాడు.

తెల్లవారుజాము, రాత్రి ముహూర్తాలకు లెక్క వేరు. తెల్లటి ఎల్ఈడీ కింద బంగారు జరీ వెండిలా పాలిపోతుంది. పసుపు వెలుగిచ్చే బల్బు పెట్టె మీద 'వార్మ్ వైట్' అనో, 2700 లేదా 3000 కె అనో ఉంటుంది, మండపానికి అది తీసుకోండి. 6500 కె అని ఉన్న తెల్లటివి భోజనాల దగ్గర పెట్టుకోండి. రెండు రకాలూ మండపం మీద కలిపారంటే ముఖం ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం పడుతుంది, ఎంత మంచి ఫొటోగ్రాఫరైనా దాన్ని పూర్తిగా సరిచేయలేడు. లైటు ముందు నుంచి, కాస్త పక్కగా పడాలి. వెనక తెరంతా వెలిగించి ముందు చీకటి వదిలేస్తే ముఖాలు నల్లబడతాయి. రంగులు మారే లైట్లు రిసెప్షన్ వరకే. మాంగల్యధారణ సమయానికి అవి ఆపేయమని నేను పట్టుబడతాను, ఈ విషయంలో చాలామందికి నామీద కోపం కూడా ఉంది.

రాత్రి పెళ్లికి మన దగ్గర దొరికే గొప్ప వస్తువు నిమ్మలకుంట తోలుబొమ్మల దీపాలు. ధర్మవరం దగ్గరి ఊరు. 2022లో అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ మా నోట్లో ఇంకా అనంతపురమే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, బొమ్మ గీసి, చిన్న చిన్న రంధ్రాలు కొట్టి రంగులు వేస్తారు. లోపల దీపం వెలిగిస్తే ఆ రంధ్రాలు నగల్లా మెరుస్తాయి. మండపానికి చెరో పక్క ఒక్కోటి చాలు. సీతారాముల కల్యాణం వేయించుకోవచ్చు, లేదా మీ ఇంటి గుర్తు ఏదైనా చెప్పి చేయించుకోవచ్చు. చేత్తో చేసే పని కాబట్టి లగ్నం పెట్టుకున్న వారంలోనే ఆర్డర్ ఇవ్వండి. లోపల వేడెక్కని చిన్న ఎల్ఈడీ బల్బే పెట్టాలి. తడి తగలకూడదు, పూలమీద నీళ్లు చల్లే కుర్రాళ్లకు ముందే చెప్పి పెట్టండి. పెళ్లయ్యాక అవి కొత్త కాపురంలో హాల్లో వెలుగుతాయి, థర్మోకోల్ నెమళ్లలా చెత్తబండి ఎక్కవు.

చీర

ధర్మవరం పట్టులో పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డ పోగు) ఒక రంగు ఉండే చీరలకు పేరు. మడత కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. పగటి పెళ్లికి అంతకు మించింది లేదు. అయితే షాపులో ట్యూబులైటు కింద చూసి ఖాయం చేయకండి. చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి రండి, పగటి వెలుతురులో ఒకసారి విప్పి చూడండి. రాత్రి ముహూర్తమైతే పసుపు బల్బు కింద చూపించమనండి. సిల్క్ మార్క్ చీటీ ఉంటే పట్టు అసలైనదని అర్థం, చేమగ్గం మీద నేసిందని మాత్రం కాదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంటుంది. చీటీ లేని చోట కొంగు చివరి పోగు ఒకటి లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ ముద్దకట్టి గట్టిపడుతుంది.

జాకెట్టు మీద మగ్గం వర్క్ చేయించేవాళ్లు ముందు మెడకు ఎక్కువ డబ్బు పోస్తారు. దండ వేశాక అది కనిపించదు. తలంబ్రాలప్పుడు చేతులెత్తుతారు, అందరి కళ్లూ చేతులమీదే ఉంటాయి, కాబట్టి పనితనం చేతులకూ వీపుకూ పెట్టించండి. తలంబ్రాల్లో థర్మోకోల్ గుండ్లు కలపడం నాకు నచ్చదు. అవి జుట్టుకు అంటుకుని రాలవు, ఫ్యాను గాలికి పంతులుగారి ముఖాన పడతాయి.

పూలు

మల్లె సాయంత్రం విచ్చుకునే పువ్వు. రాత్రి పెళ్లికి మధ్యాహ్నం వచ్చిన మొగ్గలు సరిగ్గా సమయానికి విచ్చుకుంటాయి. పొద్దున పది గంటల ముహూర్తానికి ముందురోజు కట్టిన మల్లెలు మాత్రం వాడి, అంచులు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. అప్పుడు జడకు కనకాంబరాలు, మండపానికి బంతి, చామంతి మేలు. మల్లె కావాల్సిందే అంటే గట్టి మొగ్గలు తీసుకుని అరటాకులో చుట్టి, తడిగుడ్డ కప్పి చల్లటి చోట పెట్టండి. నీళ్లు గుమ్మరిస్తే కుళ్లుతాయి. ఎండాకాలంలో మల్లె విరివిగా వస్తుంది, చలికాలంలో చామంతి. ఏ కాలానికి ఆ పువ్వు అనుకుంటే ధర కూడా మీ వైపే ఉంటుంది.

బెంగళూరు నుంచి ఆర్కిడ్లు, జెర్బెరాలు తెప్పించమనేవాళ్లు ఉంటారు. ఏసీ హాలైతే సరే. ఆరుబయట నలభై దాటిన ఎండలో మధ్యాహ్నానికే అవి తల వేలాడేస్తాయి. ఆ డబ్బుతో గెలలున్న అరటిచెట్లు, లేత కొబ్బరాకులు, మామిడి తోరణాలు నిండుగా కట్టించవచ్చు. రంగులు రెండు చాలు, చీర అంచులోంచి ఒకటి, దానికి తోడు ఆకుపచ్చ.

అడ్డతెర

పెళ్లి మీ ఇంటిదని తెలియాలంటే వేదిక వెనక పేర్ల బోర్డు అక్కర్లేదు, అడ్డతెర చాలు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అందరూ చూసేది దాన్నే. అమ్మమ్మదో నానమ్మదో పాత పట్టుచీర ఉంటే తీయండి. పాత పట్టు మడతల దగ్గర చిరుగుతుంది, జరీ బరువుకు ఇంకా లాగుతుంది. అందుకని పలచటి నూలుగుడ్డను వెనక వేసి కుట్టించండి, పైఅంచు గట్టిగా మడిచి కుట్టిస్తే పట్టుకునేవాళ్ల చేతిలో జారదు. కొంగు పెళ్లికూతురు వైపు వచ్చేలా చూసుకోండి. పసుపులో తడిపిన తెల్లగుడ్డే పట్టాలని మీ పంతులుగారు అంటే వాదించకండి, దాని అంచుకు పాత చీర జరీ కుట్టించుకుంటే ఇద్దరి మాటా నిలబడుతుంది.

ఇక కూర్చునేవాళ్ల సంగతి. పెళ్లి చూడ్డానికొచ్చిన పెద్దవాళ్లకు ఇప్పుడు కనిపిస్తున్నది కెమెరావాళ్ల వీపులే. మండపం ముందు నేలమీద ముగ్గుతో ఒక గీత గీయించి, కెమెరాలు దానికి రెండు పక్కలే ఉండాలని మాట తీసుకోండి. మొదటి వరుస కుర్చీలు తాతయ్యలకు, అవ్వలకు. పెద్ద స్పీకర్లు వాళ్ల చెవుల పక్కన పెట్టకండి, నాదస్వరం, డోలుకు మైకు అసలే అవసరం లేదు.

పగటి పెళ్లికి వచ్చీ రాగానే చీనీకాయల (బత్తాయి) రసం ఇవ్వండి, మన జిల్లా పంట. కాకపోతే ముందే పిండి డ్రమ్ములో పోసి పెడితే చేదెక్కుతుంది. మనిషిని కూర్చోబెట్టి అక్కడికక్కడే తీయించాలి. అంతమంది పనివాళ్లు లేరంటే నన్నారి షర్బత్, లేదా అల్లం కొత్తిమీర వేసిన మజ్జిగ. భోజనంలో ఐటాల సంఖ్య కోసం పాకులాడొద్దు. పెనం మీదినుంచి దిగిన ఓళిగ (బొబ్బట్టు), దానిమీద నెయ్యి, పక్కన శనక్కాయ పొడి, గుత్తివంకాయ ఉంటే చాట్ కౌంటరు వైపు మావాళ్లెవరూ చూడరు. తెల్లవారుజాము పెళ్లయితే టిఫినుకు ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జి.

పెళ్లికి ముందు షూటింగు కోసం లేపాక్షికో, గండికోటకో పోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, స్టాండ్లు లైట్లతో తీయాలంటే ముందుగా అనుమతి కావాలి. గండికోట లోయ అంచున పొడవాటి గౌను పరిచి నిలబెట్టే ఫొటోగ్రాఫరు మాట అసలు వినకండి.

ముందు రోజు, సరిగ్గా ముహూర్తం వేళకే, మండపం మీద ఎవరినైనా పట్టుచీర కట్టించి కూర్చోబెట్టి ఫోన్లో నాలుగు ఫొటోలు తీయండి. ముఖం చీకటిగా వచ్చిందా, పైగుడ్డ రంగు పడిందా అప్పుడే తెలిసిపోతుంది, మార్చడానికి రాత్రంతా ఉంటుంది. టెంట్, పూలు, కరెంటు, వంటమాస్టర్, మేళం, వీళ్లందరి నంబర్లూ ఒకే మనిషి దగ్గర ఉంచండి. ఆ మనిషి మేనమామ కావచ్చు, అక్క మొగుడు కావచ్చు, పెళ్లికూతురి అమ్మ మాత్రం కాకూడదు. ఆమె ఫోన్ ముందు రోజు రాత్రే తీసుకుని ఎవరికైనా ఇచ్చేయండి.