రాజకీయ కార్టూన్ చదవడం – 3వ పాఠం: కత్తి ఎవరి చేతిలో ఉంది?

పోయిన పాఠంలో సింహం అంటే బ్రిటన్, ఎలుగుబంటి అంటే రష్యా అని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అంతటితో కార్టూన్ అర్థమైపోయినట్టు కాదు. ఈసారి ముందు చేతులు చూడండి, తర్వాత చూపులు, ఆ తర్వాతే అక్షరాలు.

1898 జనవరి 16న పారిస్ పత్రిక లె పెతి జుర్నాల్‌లో ఆన్రీ మేయెర్ వేసిన రంగుల బొమ్మ నెట్‌లో తేలిగ్గానే దొరుకుతుంది, తెరిచి ఎదురుగా పెట్టుకోండి. బల్ల మీద చైనా అని రాసిన కేకు ఉంది, చుట్టూ చక్రవర్తులు. జర్మనీ కైజర్ రెండో విల్‌హెల్మ్ కత్తిని చైనా తీరంలోని కియావ్‌చౌ అని రాసిన ముక్కలో దింపాడు. రెండు నెలల కిందటే, ఇద్దరు మిషనరీల హత్యను సాకుగా తీసుకుని జర్మన్ నౌకాదళం ఆక్రమించిన చోటు అది. విక్టోరియా రాణి కైజర్‌ని ఉరిమి చూస్తోంది. రష్యా చక్రవర్తి, అంటే జార్, రెండో నికొలస్ కన్ను చైనా రేవు పోర్ట్ ఆర్థర్ మీద. పక్కనున్న జపాన్ సమురాయ్ ఆలోచనలో పడ్డాడు, పడడా మరి, 1895లో చైనాతో యుద్ధం గెలిచి అదే పోర్ట్ ఆర్థర్‌ని దక్కించుకుంటే రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి ఒత్తిడి పెట్టి వదులుకునేలా చేశాయి.

వెనకాల చైనా అధికారి చేతులెత్తి అరుస్తున్నాడు. తన దేశాన్నే కోస్తున్నా అతనికి బల్ల దగ్గర చోటు లేదు. పైగా అతనికే పొడుగాటి గోళ్లు, జడ, వికారమైన మొహం పెట్టారు. నష్టపోయేవాణ్ణి అలా గీస్తే చూసేవాళ్లకి జాలి ఎక్కడ పుడుతుంది? నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే.

ఇప్పుడు ఫ్రాన్స్‌ని వెతకండి. ఫ్రాన్స్‌కి గుర్తుగా గీసే మరియాన్ అనే స్త్రీ రూపంలో జార్ వెనక నిలబడింది, రెండు దేశాలకీ పొత్తు ఉంది కాబట్టి అతని పక్షాన ఉన్నట్టు, అంతే, తను మాత్రం కేకు కోయదు. పత్రిక ఫ్రాన్సుదే కదా! మూడు నెలలు గడిచాయో లేదో, ఏప్రిల్లో ఫ్రాన్స్ కూడా దక్షిణ చైనాలో గ్వాంగ్‌జౌవాన్‌ని పట్టుకుంది. అందుకే ఏ కార్టూన్ చూసినా అది ఏ దేశపు పత్రికలో వచ్చిందో, ఆ దేశం బొమ్మలో ఎంత పెద్దమనిషిలా కనిపిస్తోందో తప్పకుండా చూడండి.

ఇక మీ వంతు. 1878 నవంబర్ 30న లండన్ పంచ్ పత్రికలో జాన్ టెనియల్ గీసిన బొమ్మలో సింహానికీ ఎలుగుకీ మధ్య అఫ్గాన్ అమీర్ షేర్ అలీ చిక్కుకుని, ఈ మిత్రుల నుంచి నన్ను కాపాడండి అంటుంటాడు. అప్పటికి బ్రిటిష్ సేనలు అఫ్గానిస్తాన్‌లో అడుగుపెట్టి పదిరోజులైనా కాలేదు. ఆ సంగతి బొమ్మలో ఎక్కడైనా కనబడుతోందా? సింహం మొహం ఎలా ఉంది, ఎలుగు మొహం ఎలా ఉంది? నాలుగైదు వాక్యాల్లో రాసి ఉంచుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.