వానల ముందు మేత స్టాకు పెడుతున్నారా? ప్రోటీన్ శాతం ఒక్కటే చూసి బేరం కుదుర్చుకోకండి

కైకలూరు, ఆకివీడు వైపు శీలావతి, బొచ్చె చేపలు పెంచేవాళ్లు చాలామంది వానలు పట్టకముందే మేతకు తవుడు, చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి) కొని పెట్టుకుంటారు. బేరంలో అందరూ అడిగేది ప్రోటీన్ ఎంత శాతం అనే. ఆ అంకెను గుడ్డిగా నమ్మకూడదు.

ల్యాబ్‌లో మామూలుగా కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో హెచ్చించి ప్రోటీన్ అంటారు. యూరియాలో 46 శాతం నత్రజనే కాబట్టి క్వింటా చెక్కలో కిలో యూరియా కలిపితే కాగితం మీద ప్రోటీన్ దాదాపు 3 శాతం పెరుగుతుంది. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను కాస్తోకూస్తో వాడుకుంటాయి, శీలావతికి ఆ వీలు లేదు. 2007లో నత్రజని ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిసిన చైనా గోధుమ పిండి ఉత్తర అమెరికాలో చేపల మేతలోకీ చేరింది, అదీ ఇలాంటి మోసమే.

అనుమానముంటే గుప్పెడు చెక్క పొడి నీళ్లలో నానబెట్టి, పైకి తేరిన నీళ్లు రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో చెంచాడు కందిపప్పు పొడి కలపండి (పచ్చి పప్పులోని ఎంజైమ్ యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది, వేయించిన పప్పు పనికిరాదు). కాసేపాగి రెండింట్లో ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి. పప్పు వేసినదాంట్లోనే నీలంగా మారితే యూరియాను అనుమానించాలి. రెండింట్లోనూ మారితే సరుకు మురిగి అమ్మోనియా పుట్టిందేమో చూడాలి. ఇది తేల్చి చెప్పే పరీక్ష కాదు గానీ, అడ్వాన్సు ఆపడానికి చాలు. తవుడునూ నీళ్లలో కలిపి చూడండి, ఇసుక ఉంటే అడుగున పేరుకుంటుంది.

కల్తీ లేకపోయినా గొడవ తీరదు. ఎక్కువ వేడికి మాడిన చెక్కలో నత్రజని అలాగే ఉంటుంది, లైసిన్ (చేప ఎదగడానికి కావాల్సిన ఒక అమైనో ఆమ్లం) మాత్రం చేపకు అందదు. పత్తి చెక్కలో ఉండే గాసిపాల్ అనే విషపదార్థం కూడా లైసిన్‌ను పట్టేస్తుంది. వేరుశనగ చెక్కలో లైసిన్, అలాంటిదే అయిన మెథియోనిన్ రెండూ తక్కువే. అందుకే ఒక్క చెక్క మీదే ఆధారపడకండి, సోయా కలపండి. ఒంటికి పట్టని ప్రోటీన్ చివరికి చెరువులో అమ్మోనియా అవుతుంది. మబ్బు పట్టి ఆక్సిజన్ పడిపోయిన రోజున అసలు టెన్షన్ అదే. ఆ రోజుల్లో చెరువులో కట్టే మేత బస్తాలు (చిల్లుల సంచులు) తగ్గించండి.

బూజు పట్టిన వేరుశనగ చెక్కను ఎండబెట్టినా అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పోదు, పారేయాల్సిందే. బస్తాలు చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పెట్టండి.

శాంపిల్ ఒక్క బస్తాలోంచి తీయొద్దు. నాలుగైదు బస్తాల్లో పైనుంచి, అడుగునుంచి తీసి కలిపి, పెప్సిన్ అనే అరిగించే ఎంజైమ్‌తో ప్రోటీన్ ఎంత అరుగుతుందో, ఆమ్లంలో కరగని బూడిద (ఇసుక లాంటిది) ఎంతో కూడా ల్యాబ్‌లో అడగండి. సగం శాంపిల్ సీలు వేసి, అమ్మినాయన సంతకంతో మీ దగ్గరే ఉంచుకోండి.