గుడ్లు తగ్గాయా? ముందు మేత గిన్నెలోకి చూడండి

పెట్టలు గుడ్లు తగ్గించగానే చాలామంది ఇంకో గుప్పెడు గింజలు ఎక్కువ వేస్తారు. పెరటి కోళ్లలో అసలు చిక్కు తరచుగా అక్కడే మొదలవుతుంది. ఆకలితో గుడ్లు మానేసే పెట్టలు తక్కువ. కడుపు నిండా తింటూ కూడా కావాల్సింది అందక మానేసేవే ఎక్కువ.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. మనం ఏం వేసినా దాని కడుపులో చోటు అంతే. అందుకే లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసమే తయారుచేసే మేతలో, 16-18 శాతం ప్రొటీన్, 3.5-4.5 శాతం కాల్షియం ఉండేలా కలుపుతారు. 110 గ్రాముల దాణా తింటే దాదాపు 18 గ్రాముల ప్రొటీన్, 4 గ్రాముల పైన కాల్షియం అందుతాయి. అందులో సగం తీసేసి మొక్కజొన్న వేశారనుకోండి. ప్రొటీన్ 14 గ్రాములకు పడిపోతుంది, కాల్షియం సగమైపోతుంది. పెట్ట మాత్రం తృప్తిగా తిని హాయిగా తిరుగుతుంటుంది కాబట్టి మనకు అనుమానం రాదు.

మేతను తప్పుబట్టే ముందు

రోజుకు 14 గంటల కంటే వెలుతురు తగ్గితే గుడ్లు తగ్గుతాయి. ఈకలు రాల్చే కాలంలో గుడ్లు ఆగిపోవడం సహజం. పొదుగుకు కూర్చున్న పెట్ట, వయసు మీరిన పెట్ట కూడా అంతే. ఇవేవీ కాదనుకుంటేనే కింది లక్షణాలతో పోల్చి చూడండి.

లక్షణం: తిండి బాగానే తింటున్నాయి, గుడ్లు మాత్రం వారం వారం తగ్గుతున్నాయి

కారణం: పైన చెప్పిన లెక్కే. గింజలు, వంటింట్లో మిగిలినవి దాణాను పక్కకు నెట్టేస్తున్నాయి. ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. దాణా పొడిగా ఉంటే కోళ్లు పెద్ద పలుకులు ఏరుకుని తిని, అడుగున మెత్తటి పొడిని వదిలేస్తాయి. విటమిన్లు, ఖనిజాలు ఎక్కువగా ఉండేది ఆ పొడిలోనే. మనం దాని మీదే కొత్త దాణా పోస్తూ పోతాం. గిన్నెను ఒకసారి ఖాళీ కాగితం మీద బోర్లించి చూడండి, అడుగున ఎంత పేరుకుందో తెలుస్తుంది.

పరిష్కారం: పొద్దున్నే దాణా ఒక్కటే పెట్టండి. గింజలు, ఇతర చిరుతిళ్లు సాయంత్రమే, అదీ మొత్తం మేతలో పదో వంతు దాటకుండా. అంటే ఒక్కో పెట్టకు పది గ్రాముల దరిదాపుల్లో. అడుగున మిగిలిన పొడిని కాస్త నీళ్లతో తడిపి పెడితే ఇష్టంగా తింటాయి. తడిపింది మాత్రం ఆ పూటకే. మిగిలితే పారేయండి, పులిసిపోతుంది.

ఇంట్లోనే దాణా కలుపుకునేవాళ్లు గింజలకు తోడు సోయా చెక్క లాంటి ప్రొటీన్ దినుసు, విటమిన్-ఖనిజ మిశ్రమం తప్పకుండా చేర్చాలి. గింజల్లో మెథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌లోని భాగాలు) చాలవు. అవి లేకుండా ఎంత తిన్నా గుడ్డు తయారు కాదు.

ఫలితం కోసం తొందరపడకండి. ఒక్కో పచ్చసొన ఎదగడానికే వారం నుంచి పది రోజులు పడుతుంది. మేత మార్చిన రెండు వారాలకు గానీ గుడ్ల సంఖ్యలో తేడా తెలియదు. మూడో రోజే విసుగొచ్చి మళ్లీ దాణా మార్చేస్తే పరిస్థితి మొదటికొస్తుంది. కొత్త దాణాను ఎప్పుడూ పాతదానితో కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి.

లక్షణం: మొన్నటిదాకా బాగానే పెట్టి, ఒక్కసారిగా ఆపేశాయి

కారణం: ముందు నీళ్లు చూడండి. గుడ్డు లోపలి భాగంలో దాదాపు మూడొంతులు నీరే. పెట్ట రోజుకు పావు లీటరు వరకు తాగుతుంది, ఎండలు మండితే రెట్టింపు. రోజంతా నీళ్లు అందకపోతే ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. గిన్నె నిండుగా ఉన్నంత మాత్రాన సరిపోదు. నీళ్లు వేడెక్కినా, పాచి పట్టినా, బలమైన కోడి మిగతావాటిని దగ్గరకు రానివ్వకపోయినా అవి తాగవు.

నీళ్లు సరిగ్గానే ఉంటే దాణా సంచి మీద రాసింది చదవండి. మాంసం కోళ్ల దాణాలో కలిపే నికార్బజిన్ అనే మందు పెట్టల కడుపులోకి పోతే గుడ్లు పడిపోతాయి, గోధుమరంగు పెంకులు తెల్లబోతాయి. సొంతంగా కలిపిన దాణాలో ఉప్పు మరిచిపోయినా గుడ్లు పడిపోతాయి.

పరిష్కారం: నీడలో రెండు చోట్ల నీళ్లు పెట్టండి, గిన్నెలు రోజూ కడగండి. లేయర్ దాణాకే మారండి. కలుపుకునే దాణాలో ఉప్పు వంద గ్రాములకు 0.3 గ్రాముల దరిదాపుల్లో ఉంటే చాలు. ఎక్కువైతే నీళ్లు విపరీతంగా తాగి రెట్ట పలచబడుతుంది.

లక్షణం: తోలుగుడ్లు (గట్టి పెంకు లేకుండా మెత్తగా వచ్చేవి), పలచటి పెంకు, గరుకు పెంకు

కారణం: ఒక్కో పెంకులో 2 గ్రాములకు కాస్త పైనే కాల్షియం ఉంటుంది. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే జరుగుతుంది. అప్పుడు పెట్ట ఏమీ తినదు. కడుపులో నిల్వ ఉన్న కాల్షియం చాలకపోతే తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకు పెడుతుంది. కాబట్టి వరుసగా తోలుగుడ్లు వస్తున్నాయంటే గుడ్డు పోయిందన్న బాధ కంటే ఆ ప్రాణి ఎముకల గురించి మనం ఎక్కువ పట్టించుకోవాలి. నిలబడలేక కూలబడిపోయే పెట్టలు ఇలా తయారైనవే కావచ్చు.

పరిష్కారం: ఆల్చిప్పల ముక్కలు గానీ సున్నపురాయి నలుసులు గానీ వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మెత్తటి పొడి త్వరగా కరిగి బయటికి పోతుంది. ముక్కలైతే కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతాయి. అందుకే సాయంత్రం తినే ముక్కల విలువ ఎక్కువ. దాణాలో కలిపేయకండి. ఎంత కావాలో పెట్టకు తెలుసు, గుడ్డు కట్టే రోజున అదే వెతుక్కుని తింటుంది. కందనకాయలో గింజలు నూరడానికి తినే గులకరాళ్లు వేరు, అవి కాల్షియం ఇవ్వవు.

గుడ్డు పెంకులే తిరిగి పెట్టాలనుకుంటే బాగా ఎండబెట్టి, వేడి చేసి, గుడ్డు పోలిక లేనంత చిన్నగా నలిపి పెట్టండి.

కాల్షియం ఉన్నా పెంకు కుదరకపోతే విటమిన్ డి3 సంగతి చూడాలి. అది లేకుండా తిన్న కాల్షియం వంటబట్టదు. ఎండ తగలకుండా ఎప్పుడూ కప్పు కిందే ఉండే పెట్టలకు అది దాణాలోంచే అందాలి. పాతబడిన దాణాలో విటమిన్ల బలం తగ్గిపోతుంది, నెలల తరబడి నిల్వ చేయకండి. ఇక ఎండాకాలంలో నోరు తెరిచి రొప్పే పెట్టలకు రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు పలచబడుతుంది. అప్పుడు చల్లటి నీళ్లు, నీడ, తెల్లవారుజామున మేత పని చేస్తాయి.

ఒక జాగ్రత్త. ఇంకా గుడ్డుకు రాని పిల్లలకు లేయర్ దాణా పెట్టకండి. అంత కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

లక్షణం: పెట్ట బరువుగా ఉంది, గుడ్లు అరకొర

కారణం: కొవ్వు. సాయంత్రం పెట్టను చంకలో పెట్టుకుని రొమ్ము ఎముక మీద వేళ్లు జరపండి. రెండు పక్కలా కండ ఉండి మధ్యలో ఎముక తగిలితే ఆరోగ్యం. కత్తి అంచులా పొడుచుకొస్తే బక్కచిక్కింది. ఎముకే తెలియనంత మెత్తగా ఉంటే ఒళ్లు చేసింది. గింజల మీద బతికే పెట్టల్లో కాలేయానికి కొవ్వు పట్టి, లోపల రక్తస్రావమై ఉన్నట్టుండి చనిపోయే ప్రమాదం కూడా ఉంది.

పరిష్కారం: పస్తులు పెట్టకండి, గింజలు ఆపండి. దాణా, ఆకుకూరలు ఇస్తూ తిరగడానికి చోటివ్వండి.

లక్షణం: తమ గుడ్లు తామే తింటున్నాయి, ఈకలు పీక్కుంటున్నాయి

ఇరుకు, ఎక్కువ వెలుతురు, విసుగు కూడా కారణాలే. మేత వైపు చూస్తే ప్రొటీన్, ఉప్పు, కాల్షియం లోటు ఉండొచ్చు. ఈకలో ఎనభై శాతం పైనే ప్రొటీన్. దాణా సరిచేసి, గుడ్లు రోజుకు రెండు మూడు సార్లు తీసేయండి. గుడ్డు రుచి మరిగిన పెట్టను మాన్పించడం కష్టం, అందుకే ఆలస్యం చేయొద్దు.

లక్షణం: గుడ్లు చిన్నవయ్యాయి

కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టవి చిన్నగానే ఉంటాయి, ఊరుకోండి. పెద్ద పెట్టవి తగ్గితే మెథియోనిన్ లోటో, ఎండకు మేత తగ్గించడమో అయ్యుంటుంది.

లక్షణం: పచ్చసొన పాలిపోయింది, లేదా వాసన వస్తోంది

పాలిపోవడం గురించి టెన్షన్ అనవసరం. పసుపురంగు మొక్కజొన్న, ఆకులు తింటే రంగు ముదురుతుంది, గోధుమలు తింటే తగ్గుతుంది. రంగును బట్టి పోషకాలను అంచనా వేయలేం. పత్తిగింజల చెక్క పెడితే మాత్రం పచ్చసొన ఆకుపచ్చగా మారొచ్చు, అది మానేయండి. చేపపొడి, అవిసె గింజలు ఎక్కువైతే గుడ్డుకు నీచు వాసన పడుతుంది.

లక్షణం: డల్లుగా ఉన్నాయి, మేత ముట్టడం లేదు, గుడ్లు లేవు

దాణా సంచిలో చేయి పెట్టి చూడండి. గడ్డకట్టినా, ముక్కిన వాసన వచ్చినా మొత్తం పారేయండి. పైన బూజు తీసేసి మిగతాది పెట్టడం ప్రమాదం. బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కంటికి కనిపించదు, కాలేయాన్ని పాడు చేస్తుంది. అవకాడో, ఉడకని చిక్కుడు గింజలు, పచ్చబడ్డ బంగాళాదుంప తొక్కలు కూడా విషమే.

దాణా తాజాగా ఉండి కూడా పెట్టలు ముడుచుకుని కూర్చుంటే, ఊపిరి గురగురమంటుంటే, ముడతలు పడ్డ పెంకుతో నీళ్లలాంటి తెల్లసొన వస్తుంటే అది మేత సమస్య కాదు. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ (కోళ్లకు సోకే శ్వాసకోశ వ్యాధి) లాంటి జబ్బు కావచ్చు. మిగతావాటి నుంచి వేరు చేసి, అదే రోజు పశువైద్యుడికి చూపించండి.